దారి ఖాళీగా ఉండాలంటే ఏం రాయాలి: ఏలూరు రోడ్డు సందులో ఒక బోర్డుల షాపు

విజయవాడలో అపార్ట్‌మెంటుకో, స్కూలుకో, క్లినిక్కుకో తెలుగులో బోర్డులు రాయించాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. షాపు పేరు, ఫోన్ నంబరు నెట్లో పెట్టొద్దని యజమాని అడిగారు. "ఉన్న పనే చేతినిండా ఉందమ్మా. ఫోన్లు ఎత్తుతూ కూర్చుంటే బ్రష్ పట్టేదెప్పుడు? వచ్చి ఎదురుగా మాట్లాడేవాళ్లయితే ఎవరొచ్చినా సంతోషమే" అన్నారు. కాబట్టి గుర్తులు చెబుతాను. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు దాటాక ఎడమచేతి సందు. జిరాక్స్ షాపు పక్కన, గోడకి ఆనించి రంగు ఆరబెట్టిన రేకులు కనిపిస్తాయి. అదే.

నేను అక్కడికి ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. లేకపోతే ఒక రేకు ముక్క మీద రెండు లైన్లు రాసినందుకు ఆయన్ని ఇంతగా ఎందుకు మెచ్చుకుంటున్నానో అర్థం కాదు.

మాది సింగ్‌నగర్ వైపు. ఐదంతస్తులు, 22 ఇళ్లు, ఒక లిఫ్టు, ఒకటే మెట్ల దారి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. ముందు చీలమండల దాకా ఉన్నాయి. వంటింట్లో సామాన్లు పైకి సర్దుకుని వచ్చేసరికి మోకాళ్లు దాటాయి. కరెంటు తీసేశారు, లిఫ్టు ఆగిపోయింది. కింద వెనకవైపు ఫ్లాట్‌లో 81 ఏళ్ల పెద్దాయన ఉన్నారు, మేమంతా తాతగారు అంటాం. మోకాలి ఆపరేషన్ అయ్యి నెల కూడా కాలేదు. ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగవాళ్లు మెట్లెక్కించడం మొదలుపెట్టారు.

మొదటి అంతస్తు బాగానే ఎక్కారు. రెండో అంతస్తుకి తిరిగే మలుపు దగ్గర కుర్చీ ఆగిపోయింది. అక్కడ గోడవైపు ఒక షూ ర్యాక్, దాని పక్కన పాడైపోయిన కూలర్, రెయిలింగ్‌కి గొలుసేసి కట్టిన పిల్లల సైకిల్. రోజూ మనుషులు పక్కకి తిరిగి నడిచిపోతుంటారు కాబట్టి అది ఇరుకని ఎవరికీ అనిపించలేదు. కుర్చీ మాత్రం పక్కకి తిరగదు కదా. సైకిల్ తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలీదు. కింద నీళ్లు పెరుగుతున్న చప్పుడు. నలుగురూ కుర్చీని గాల్లో పట్టుకుని నిలబడిపోయారు. తాతగారు "నన్నిక్కడే దించేయండ్రా, మీరు పైకి పొండి" అన్నారు. చివరికి మా ఆయన మూడో అంతస్తుకి పరుగెత్తి, మా సన్నికల్లు పొత్రం తెచ్చి, కొట్టి కొట్టి గొలుసు తెంచారు. షూ ర్యాక్‌ని కిందకి తోసేశాం.

ఆ కూలర్ మాది. వేసవి అయ్యాక అమ్మేద్దామని అక్కడ పెట్టి మూడేళ్లయింది.

నీళ్లు తీసి, బురద కడిగి, బతుకులు గాడిలో పడటానికి చాలా రోజులు పట్టింది. ఆ తర్వాత జరిగిన మొదటి మీటింగులోనే మెట్ల దారిలో బోర్డులు పెట్టాలని తీర్మానం చేశాం. అసోసియేషన్ సెక్రటరీని కాబట్టి పని నామీద పడింది. ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, రోజంతా తెలుగూ ఇంగ్లీషూ కలిపే రాస్తాను, ఇదెంత పని అనుకున్నాను. ఇంగ్లీషు బోర్డుల్లో ఎక్కడ చూసినా ఒకటే మాట ఉంటుంది, అన్‌అబ్‌స్ట్రక్టెడ్ అని, అంటే అడ్డేమీ లేకుండా అని. దారి అన్‌అబ్‌స్ట్రక్టెడ్‌గా ఉంచండి, తలుపు అన్‌అబ్‌స్ట్రక్టెడ్‌గా ఉంచండి. ఆ వాక్యాన్ని ఫోన్లో తెలుగు చేయించి, దగ్గర్లోని ఒక ఫ్లెక్సీ షాపులో ఇచ్చాను. మర్నాటికల్లా వచ్చేసింది:

"అత్యవసర నిష్క్రమణ మార్గమును నిరవరోధముగా ఉంచుము."

అందులో "నిష్క్రమణ" విరిగిపోయి "నిష్ క్రమణ" అయింది. నేను పంపిన టైపింగ్ వాళ్ల కంప్యూటర్‌లో సరిగ్గా తెరుచుకోలేదట. అయినా బానే ఉంది, పెద్దగా కనిపిస్తోంది అని కట్టించేశాను. రెండు నెలలు తిరిగేసరికి సరిగ్గా దాని కిందే కొత్త షూ ర్యాక్ వచ్చింది, దాని మీద తులసి కుండీ కూడా. మా వాచ్‌మన్‌ని పిలిచి బోర్డు చదవమన్నాను. తడుముకోకుండా చదివాడు. అర్థం ఏమిటని అడిగితే, "ఏదో మంచిమాటే రాశారు మేడమ్" అన్నాడు.

తప్పు అతనిది కాదు. నన్ను ఎవరైనా నిద్రలేపి "నిరవరోధం" అంటే ఏమిటని అడిగితే నేనూ ఒక్క క్షణం ఆలోచించాల్సిందే. నీళ్లొచ్చినప్పుడు ఆ ఒక్క క్షణం ఉండదు.

అప్పుడు మా ఆఫీసు డ్రైవర్ ఒకతను ఈ షాపు చెప్పాడు. లారీల వెనక రాతలు ఒకప్పుడు అక్కడే రాయించేవారట. శనివారం సాయంత్రం వెళ్లాను. యజమానికి 65 దాటి ఉంటాయి. గాంధీనగర్‌లో సినిమా ఆఫీసులు కిటకిటలాడే రోజుల్లో బ్యానర్లు రాసేవారట. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, చిన్న బోర్డులకి మారారు. కొడుకు పక్కనే కంప్యూటర్ మీద స్టిక్కర్లు కట్ చేస్తాడు, ఆయన మాత్రం ఇప్పటికీ బ్రష్ వదల్లేదు.

నేను కాగితం ఇచ్చి "బాబాయి గారూ, ఇంగ్లీషులో ఇలా ఉంది, మంచి తెలుగు మాట చూసి రాసివ్వండి" అన్నాను. ఆయన కాగితం వంక చూడనే లేదు.

"ఎక్కడ పెడతారమ్మా?"

"మెట్ల మలుపులో."

"చదివేవాళ్లు ఎక్కుతూ చదువుతారా, దిగుతూనా?"

నాకు తెలీదు.

"చేతిలో ఏముంటుంది వాళ్లకి?"

అదీ ఎప్పుడూ ఆలోచించలేదు. కూరగాయల సంచీ ఉంటుంది, వాటర్ క్యాన్ ఉంటుంది, పిల్లాడుంటాడు. "అయితే నాలుగు మెట్లు ఎక్కేలోపు అయిపోవాలి మీ వాక్యం" అన్నారు. తర్వాత స్టూలు జరిపి కూర్చోమని, అసలేం జరిగిందో చెప్పమన్నారు. తాతగారి కుర్చీ సంగతి మొత్తం చెప్పాను. వింటూ ఒక పాత క్యాలెండర్ వెనక ఏదో గీస్తున్నారు. నేను ముగించాక అటు తిప్పి చూపించారు:

"కుర్చీలో మనిషిని మోసుకెళ్లేంత దారి వదలండి."

నాకు గొంతు పట్టేసింది. "అన్‌అబ్‌స్ట్రక్టెడ్" అనే ఇంగ్లీషు మాటకి ఇంతకంటే సరైన తెలుగు నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఎంత ఖాళీ ఉండాలో కూడా అందులోనే ఉంది. "అడ్డులేకుండా ఉంచండి" అంటే ప్రతి ఇంటివాళ్లూ తమ చెప్పుల స్టాండు అడ్డం కాదనే అనుకుంటారు. కుర్చీ అనేసరికి ఎవరికి వాళ్లు కళ్లతో కొలుచుకుంటారు. మా బ్లాకులో అయితే ఆ కుర్చీ ఎవరిదో అందరికీ తెలుసు.

ఇక్కడ మాట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ షాపులో నేను ఎక్కువసేపు గడిపింది దానిమీదే. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ల ఇంగ్లీషు హోంవర్కులో ఇదే మాటతో సొంత వాక్యాలు రాయమన్నారు. నాలుగు రాసింది. రోడ్డు, కిటికీలోంచి కొండ కనిపించడం, కాలవలో నీళ్లు, శ్వాస. నాలుగింటికీ ఇంగ్లీషులో అదే విశేషణం సరిపోయింది. అవే వాక్యాలు తెలుగులో చెప్పమంటే నాలుగు రకాలుగా చెప్పింది: రోడ్డు ఖాళీగా ఉంది, కొండకి అడ్డం ఏమీ లేదు, నీళ్లు సాఫీగా పోతున్నాయి, ఊపిరి బాగా ఆడుతోంది. ఎవరూ నేర్పలేదు, నోటికి అలా వచ్చేసింది. "నిరవరోధమైన రోడ్డు" అని ఒక్కసారి కూడా అనలేదు.

ఇది బాబాయి గారికి చెబితే ఆయన నవ్వి, "మనకి ఏ పనికి ఆ మాట ఉంటుందమ్మా, ఒకటి తీసి ఇంకోచోట పెడితే అతకదు" అన్నారు. నిజమే. మాట అనర్గళంగా సాగాలి. పెళ్లి నిర్విఘ్నంగా జరగాలి. గది అంటే గాలీ వెలుతురూ ధారాళంగా రావాలి. ప్రయాణం సాఫీగా అవ్వాలి. కరెంటుకి పేపర్‌వాళ్లు నిరంతరాయం అంటారు. దారి మాత్రం ఖాళీగా ఉండాలి. "మా అబ్బాయి ఇంగ్లీషు ఖాళీగా మాట్లాడతాడు" అనం, "రోడ్డు అనర్గళంగా ఉంది" అనీ అనం. వీటిలో సాఫీ, ఖాళీ అనేవి అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవి. అయినా ఇంట్లో అమ్మమ్మ దగ్గర్నుంచి అందరి నోళ్లలో నలిగిన మాటలు. బోర్డు మీదకి కావలసినవి అలాంటివే.

మా నాలుగో అంతస్తులో రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. ఆయన మొదట ఈ బోర్డుని ఒప్పుకోలేదు, భాష మరీ ఇంటి భాషలా ఉందన్నారు. కానీ టెర్రస్ తలుపు దగ్గర పెట్టే బోర్డు గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఆయనే ఒక సంగతి చెప్పారు. అర్గళం అంటే తలుపు గడియ, అడ్డగడియమాను. అది లేనిది అనర్గళం. అంటే మనం "అనర్గళంగా ఉపన్యసించాడు" అన్న ప్రతిసారీ గడియ తీసిన తలుపు గురించే మాట్లాడుతున్నామన్నమాట. ఇన్నేళ్లుగా వాడుతున్నా నాకు ఆ తలుపు ఎప్పుడూ కనిపించలేదు. మా టెర్రస్ తలుపుకేమో, పిల్లలు పైకెళ్తారని, ప్రేమికులు వస్తారని, ఐదేళ్లుగా తాళం. వరద రోజున పై అంతస్తువాళ్లు హెలికాప్టర్లకీ, ఆహారం తెచ్చే డ్రోన్లకీ చేతులూపాలంటే ఆ తాళంచెవి ఉన్న మనిషి ఊళ్లో లేడు. మాస్టారు ఈ మాట చెప్పిన మర్నాడే ఆ తాళం తీయించాను. అక్కడి బోర్డు ఇలా వచ్చింది: "ఈ తలుపుకి తాళం వేయకండి. గడియ చాలు." మాస్టారు దీన్ని మాత్రం రెండుసార్లు చదివి బాగుందన్నారు.

షాపు పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చినది బ్రౌన్ పేపర్. బాబాయి గారు వెంటనే రేకు మీద రాయరు. వాక్యాన్ని పార్శిల్ కట్టే బ్రౌన్ పేపర్ మీద అసలు సైజులో మార్కర్‌తో రాసిచ్చి, "రెండు రోజులు అంటించి చూడండి. ఎవరేమన్నారో వచ్చి చెప్పండి" అంటారు. దానికి డబ్బులు తీసుకోరు. మా అగ్నిమాపక సిలిండర్ల దగ్గర మొదట "దీనికి ముందు ఏదీ పెట్టకండి" అని అంటించాం. వాచ్‌మన్ భార్య చదివి, "ముందంటే ఎంత దూరం ముందు?" అని అడిగింది. నిలబడి ఆలోచిస్తే నిజమే అనిపించింది. వెళ్లి చెప్పాను. ఆయన రెండో లైను కలిపారు: "చెయ్యి చాపితే అందాలి." ఇంకో ప్రశ్న రాలేదు.

ఒక్క బోర్డు దగ్గర మాత్రం ఆయనతో నేను ఒప్పుకోలేదు. గేటుకి "బండి పెట్టకండి" అని రాద్దామన్నారు. ఊళ్లో సగం గేట్ల మీద ఉండే "వాహనములు నిలుపరాదు" ఆయనకి నచ్చదు. "రాదు అంటే ఎవరో ఆఫీసరు అన్నట్టు ఉంటుంది. పెట్టకండి అంటే పక్కింటివాళ్లు అన్నట్టు ఉంటుంది. మీ బోర్డు ఎవరు అన్నట్టు ఉండాలో చూసుకోండి" అన్నారు. లోపలి బోర్డులన్నిటికీ ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ మా గేటు ముందు బండి పెట్టేది మా పక్కింటివాళ్లు కాదు, ఎదురు ఫంక్షన్ హాలుకి వచ్చే కొత్త మనుషులు. వాళ్లకి చిన్నప్పటి నుంచి చూసిన ఆ పాత వాక్యం దూరం నుంచే బొమ్మలా అందుతుంది, చదవక్కర్లేదు. అందుకని గేటుకి "గేటుకి అడ్డంగా వాహనములు నిలుపరాదు. అంబులెన్స్ దారి" అనే రాయించాను. ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అనుకుంటున్నాను. ఆయన మారు మాట్లాడకుండా రాసిచ్చారు.

రాయడం చూడాలంటే సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి. ఎండ తగ్గాకే పెద్ద అక్షరాలు రాస్తారు, ఎనామిల్ పెయింట్ ఎండలో గబగబా బిగుసుకుపోతుందని. ఇనప రేకుకి ముందు రెడ్ ఆక్సైడ్ పట్టించి ఒక రాత్రి ఆరనిస్తారు. దానిమీద తెలుపు రెండు పూతలు. తర్వాత నీలం సుద్దపొడి రాసిన దారాన్ని ఈ చివరా ఆ చివరా పట్టుకుని ఒక్కసారి లాగి వదిలితే తెల్లటి రేకు మీద నీలం గీత పడుతుంది. తెలుగుకి ఇంగ్లీషులా రెండు గీతలు చాలవట, మూడు కావాలి. తలకట్టుకి పైన ఒకటి, అక్షరానికి కింద ఒకటి, ఒత్తులకి ఇంకా కింద ఒకటి. ఫ్లెక్సీలవాళ్లు ఈ మూడో గీతకి చోటివ్వరు, అందుకే కింది లైను గుడులు పై లైను ఒత్తుల్లోకి దూరిపోతాయి అన్నారు. "కుర్చీ"లో ర కింద చ ఒత్తు రాసేటప్పుడు చిటికెన వేలు రేకుకి ఆనించి, ఊపిరి బిగబట్టి, చెయ్యంతా ఒకేసారి తిప్పారు. బ్రష్ ఎత్తాక చూస్తే ఒత్తు చివర సన్నగా, సూది మొనలా ముగిసింది. కంప్యూటర్ అక్షరాల్లో అది ఉండదు.

అక్షరం సైజుకి ఆయన లెక్క పది అడుగుల దూరానికి ఒక అంగుళం. తెలుగైతే ఇంకొంచెం పెంచాలి. మెట్ల దగ్గర చూసేది ఆరేడు అడుగుల నుంచే కాబట్టి అంగుళం ఎత్తు చాలు, గేటుకి మూడున్నర అంగుళాలు పెట్టారు. రంగుల్లో నేను పొరపడ్డాను. అన్నీ ఎరుపులో కావాలన్నాను, కొట్టొచ్చినట్టు కనిపిస్తాయని. ఎరుపు అంటే వద్దు, లేదా మంటలార్పే సామాను. బయటికి పోయే దారికి ఎప్పుడూ ఆకుపచ్చ. పొగలో భయపడి పరుగెత్తే మనిషి ఎర్రటి తలుపు చూసి వెనక్కి తిరగకూడదు అని చెప్పారు. థియేటర్లకి బోర్డులు రాసిన రోజుల్లో ఇదంతా నేర్చుకున్నారట. ఢిల్లీలో ఉపహార్ థియేటర్ తగలబడినప్పుడు, 1997 జూన్ 13న, 59 మంది చనిపోయారు. బాల్కనీలో మనుషులు నడిచే దారి మీద అదనపు సీట్లు వేసి ఉన్నాయి. అది పేపర్లో చదివాక తను బోర్డు బిగించడానికి వెళ్లిన ప్రతి హాల్లోనూ ముందు ఆ దారంతా ఒకసారి నడిచి చూసేవాడినని చెప్పారు. మా ఇంటికి వచ్చినప్పుడూ అదే చేశారు. కింది నుంచి టెర్రస్ దాకా ఒక్కరే మెట్లెక్కి, దిగి, అప్పుడు డ్రిల్లింగ్ మెషిన్ తీశారు.

ఇంకో సంగతి చాలామందికి పనికొస్తుంది. చీకట్లో కనిపించాలి కాబట్టి బాణాలు "రేడియం" స్టిక్కర్‌లో కావాలని అడిగాను. మనం రేడియం అనేది లైటు పడితేనే మెరుస్తుంది, బండి నంబర్ ప్లేట్లలాగా. కరెంటు పోయి, చేతిలో టార్చి లేకపోతే అదీ చీకటే. తనంతట తాను వెలిగే షీటు వేరే ఉంటుంది, గ్లో షీటు అని అడగాలి. ట్యూబులైటు వెలుతురు పట్టుకుని ఉంచుకుని, కరెంటు పోయాక పచ్చగా వెలుగుతుంది. పగలంతా చీకటిగా ఉండే మూలలో పెడితే దానికీ పట్టుకోవడానికి వెలుతురుండదు. మలుపు దగ్గర అస్తమానం లైటు వేసి ఉంచడం కుదరదు కాబట్టి బల్బు కిందే బాణం అంటించమని చెప్పారు. రాత్రి మెయిన్ ఆపి చూశాం. బాణాలు కనిపించాయి. పెయింటు బోర్డులు కనిపించవు, అది ఆయన ముందే చెప్పారు.

ధరలు: రేకు మీద చేత్తో రాసినదానికి చదరపు అడుగుకి 220 రూపాయలు తీసుకున్నారు. స్టిక్కర్ అయితే కొడుకు 140కే చేస్తాడు. ఐదు బోర్డులు, గ్లో బాణాలు, బిగింపు అన్నీ కలిపి మాకు 6,850 అయింది. ఇంటికి 311 రూపాయల చొప్పున వేసుకున్నాం. ఫ్లెక్సీ అయితే దీంట్లో నాలుగో వంతు కూడా కాదు, ఆ మాట కమిటీలో వచ్చింది కూడా. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు కింద పార్కింగులో ఎవరిదో స్కూటర్ మీద కప్పి ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. అర్జెంటు పనికి ఇక్కడికి వెళ్లకండి. మొదటి మాట నుంచి ఆఖరి బోర్డు బిగించేదాకా మాకు 26 రోజులు పట్టింది, మధ్యలో రెండుసార్లు చెప్పిన రోజుకి ఇవ్వలేదు. వాట్సాప్‌లో డిజైన్ పంపమంటే పంపరు, మీరే వెళ్లి చూడాలి. బిల్లు చేత్తో రాసి ఇస్తారు. మా లాంటి అసోసియేషన్లకి సరిపోతుంది కానీ కంపెనీవాళ్లకి ఇబ్బంది. సందులో స్కూటర్ తప్ప ఇంకేదీ నిలపడానికి చోటు లేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడా రాస్తారు, బాగానే ఉంటాయి. తెలుగులో కనిపించే ప్రాణం వాటిలో లేదు. రెండు భాషలూ ఒకే బోర్డు మీద కావాలంటే ఇంగ్లీషుని కొడుకు చేత స్టిక్కర్‌లో వేయించుకోండి.

బోర్డులు పెట్టి ఏడు నెలలైంది. మెట్ల మలుపులో ఇప్పుడేమీ లేదు. తులసి కుండీ బాల్కనీలోకి వెళ్లింది, షూ ర్యాక్ వాళ్ల గుమ్మం లోపలికి వెళ్లింది. ఐదో అంతస్తువాళ్లు కొత్త ఫ్రిజ్ కొని అట్టపెట్టెని ఒక పూట మెట్ల మీద పెడితే, వాళ్ల అబ్బాయే, రెండో తరగతి చదువుతాడు, బోర్డు చదివి "అమ్మా, కుర్చీ పట్టదు" అన్నాడట. ఆ మాట వాళ్లమ్మ నాకు లిఫ్టులో చెప్పింది. తాతగారు ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు. రోజూ సాయంత్రం ఆ బోర్డు దాకా ఎక్కి, దాని కింద కాసేపు నిలబడి, దిగుతారు. డాక్టర్ చెప్పిన వ్యాయామం అది.

ఆరో బోర్డు ఇంకా బ్రౌన్ పేపర్ దశలో ఉంది. మా గేటు పక్క నుంచి వీధి కాలవ పోతుంది. వానాకాలానికి ముందే అందులో నీళ్లు సాఫీగా పోయేలా చూసుకోవాలని అందరం అనుకున్నాం. "కాలవలో చెత్త వేయకండి. ఆ నీళ్లు మన ఇంటికే వస్తాయి" అని రాసిచ్చారు. నిన్న అంటించాను. పొద్దున్న వాచ్‌మన్ భార్య చదివి, "కాలవ అంటే ఏలూరు కాలవ అనుకుంటారండి, మేం దీన్ని డ్రైనేజీ అంటాం" అంది. ఆఫీసు నుంచి వస్తూ షాపు దగ్గర ఆగి చెప్పాను. బాబాయి గారు చేతిలో బ్రష్ పక్కన పెట్టి, కొత్త బ్రౌన్ పేపర్ చింపుతూ, "ఆవిడ చెప్పినట్టే రాద్దామమ్మా, శుక్రవారం రండి" అన్నారు.